ఒక్కపొద్దున్న చేప

1997 జూన్ 8, ఆదివారం

వాసు వచ్చి వెళ్లాడు. శక్తినగర్ నుంచి వచ్చినప్పుడల్లా నా తమ్ముడు ఏదో ఒకటి తెస్తాడు. ఈసారి నీళ్ల సీసాలో చేపను తెచ్చాడు. కోమటి ఇంటికి చేపను తెచ్చే తమ్ముడు నాకే దొరకాలి.

కరెంటు ప్లాంటుకు కృష్ణ నీళ్లు తోడే చోట, పంపుల ముందు ఇనుప కంచెలు ఉంటాయట. వాటికి పట్టిన చెత్తను గీకి గట్టు మీద పోస్తారు. పొద్దున పోసిన చెత్తలో మధ్యాహ్నం ఇది కదులుతూ కనిపించిందట. నీళ్లు లేకుండా అంతసేపు ఎట్లా బతికిందిరా అని అడిగితే, ఇది కొర్రమీను జాతిలో చిన్నది, మట్టగిడస అంటారు, పైకొచ్చి గాలి పీలుస్తుంది అన్నాడు. నా అరచేయి కంటే కొంచెం పొడుగు. మట్టి రంగు. రెక్కల అంచున మాత్రం సన్నగా నారింజ జరీ. తల అచ్చం పాము తలే.

దుకాణానికి కలిసొస్తుందని మా ఆయన పోయిన ఏడాది కొన్న గాజు తొట్టి మెట్ల కింద ఖాళీగా పడుంది. అందులోని ఎర్ర చేపలు కరెంటు పోయి, గాలి పంపు ఆగిపోయి చచ్చాయి. రాష్ట్రానికి పంచేంత కరెంటు మా జిల్లాలో పుడుతుంది, రాయచూరులో మా వీధికి మాత్రం రాదు. దీనికి పంపు అక్కర్లేదు కదా అని కడిగి, దాక్కోవడానికి ఇంటి పెంకు ఒకటి వేసి నీళ్లు పోశాను. పైన పలక పెట్టి, పలక మీద రుబ్బురాయి పొత్రం పెట్టాను. ఎగిరి దూకుతుందట.

అత్తమ్మ వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. "మనింట్ల ఇంతవరకు గుడ్డు గూడ రాలే. అన్నం తింటే ఉండనీ భామా. తినకుంటే ఏట్ల ఇడిసి రమ్మను" అంది.

జూన్ 12, గురువారం

తినలేదు. అన్నం వేశాను, నానిన శనగపప్పు వేశాను, అటుకులు, పూరీ ముక్క, చివరికి బూందీ కూడా వేశాను. బేరమాడి కొనకుండా పోయేవాళ్లను మా ఆయన ఎట్లా చూస్తాడో, వాటిని అది అట్లా చూసింది.

జూన్ 15, ఆదివారం

ఇవాళా లేదు. పెంకు కింద నుంచి బయటికి రావడం లేదు. నేను తొట్టి దగ్గర కూచుంటే మాత్రం వస్తుంది. గాజుకు మూతి ఆనించి నా ముఖం వైపే చూస్తుంది. ఈ ఇంట్లో అందరూ నా చేతుల వైపు చూస్తారు, ఏం తెచ్చానా అని. ఇదీ తిండి కోసమే చూస్తుందేమో. అయినా ముఖం చూస్తుంది.

ఎల్లుండి దుకాణం ఆటోలో పంపించి నదిలో వదిలించమని అత్తమ్మ మా ఆయనతో చెప్పింది. ఆయన సరే అన్నాడు. నన్నెవరూ అడగలేదు.

జూన్ 16, సోమవారం

ఇవాళ ఒక పని చేశాను. రాయను.

జూన్ 17, మంగళవారం

రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

మిద్దె మీద సిమెంటు తొట్టి ఉంది. దోమలు పెరగకుండా ఉంటాయని మలేరియా వాళ్లు అందులో గప్పీ చేపలు వదిలి వెళ్లారు. వడ్లగింజంత చేపలు. ఇప్పుడు తొట్టినిండా పిల్లలే. నిన్న అత్తమ్మ పడుకున్నాక చెంబుతో ఒకదాన్ని తెచ్చి గాజు తొట్టిలో వదిలాను. పెంకు కింద నుంచి అది నెమ్మదిగా వచ్చింది, ఆగింది, రెక్కలు ఆడించింది. తరువాత గప్పీ లేదు. అంతే. నెత్తురు లేదు, చప్పుడు లేదు.

నాకు సంతోషం కలిగింది. ఇది కూడా రాయాలి. ఆకలిగా ఉన్నది తింటే కలిగే సంతోషమే అనుకుంటూ పోయి తలస్నానం చేశాను. అదే చేత్తో ఇవాళ నైవేద్యం వండాను.

మధ్యాహ్నం అత్తమ్మ నైవేద్యంలోంచి నాలుగు మెతుకులు తొట్టిలో వేసి పడుకుంది. నీళ్లు పాడవుతాయని పాత చాయ్ జల్లెడతో వాటిని తీసేశాను. ఆమె లేచి వచ్చి చూసింది. తొట్టిలో మెతుకు లేదు. "తినింది" అంది. అవునని నేను అనలేదు. కాదని కూడా అనలేదు.

చేపను నదికి పంపడం ఆగిపోయింది.

జూన్ 26, గురువారం

దానికి దాసప్ప అని పేరు పెట్టింది అత్తమ్మ. గురువారాలు ఆమె కొలిచే రాయల స్వామి మఠంలో కూడా చెప్పుకుందట, మా ఇంట్లో మాంసం తినే చేప స్వామి ప్రసాదానికి మారింది అని. ఇవాళ గురువారం కనుక ఆమె ఒక్కపొద్దు ఉంది. దాసప్పనూ ఉంచింది. సాయంత్రం పూజ అయ్యేదాకా మెతుకు వేయలేదు.

వంటింట్లోకి పోయి కొంగు కుక్కుకుని నవ్వాను. దాసప్ప పొద్దున్నే రెండు గప్పీలు మింగి కూచున్నాడు. పెళ్లయిన నాటి నుంచి పప్పులో ఉప్పు ఎన్ని రాళ్లు తక్కువో వాసన చూసి చెప్పే మనిషి ఈమె. నేను అబద్ధమాడితే గోడ అవతల నుంచే పట్టేస్తుంది. అట్లాంటి మనిషికి ఇది మాత్రం అందలేదు. నవ్వి నవ్వి కళ్లల్లో నీళ్లు వచ్చాయి.

జూలై 6, ఆదివారం

మఠానికి వచ్చే ఆడవాళ్లు చూడటానికి వచ్చారు. అత్తమ్మ స్నేహితురాలు అయ్యమ్మ ముందు నడిచింది, మిగతావాళ్లు వెనక. అయ్యమ్మ తొట్టికి దండం పెట్టి, మీ ఇంటి నీళ్లదే గొప్ప లలితమ్మా అంది. అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. మామయ్య పోయాక ఆమె అంత వెలుగుతుండగా నేను చూడలేదు.

అందరికీ చాయ్ ఇచ్చాను. ఏ జల్లెడతో వడకట్టానో ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను.

జూలై 11, శుక్రవారం

అత్తమ్మ పూజగది గడప దగ్గర తూలి పడబోయింది. దవాఖానకు తీసుకుపోయాం. రక్తం బాగా తగ్గింది, పాదాలకు నీరు పట్టింది. డాక్టరమ్మ కన్నడంలో మెల్లగానే చెప్పింది కాని గట్టిగా చెప్పింది. ఒక్కపొద్దులు మానాలి. ఆకుకూరలు, పప్పు, పెరుగు బాగా తినాలి. రోజూ రక్తం పట్టే గొట్టం గోలీ, క్యాప్సూలు, ఒకటి వేసుకోవాలి. లేకపోతే గుండెకు వస్తుంది, ఈ వయసులో అంత దూరం పోనివ్వకండి అంది.

సాయంత్రం అయ్యమ్మ పరామర్శకు వచ్చి గోలీ చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. ఆ పైతొక్క పశువుల బొక్కలు ఉడికించి చేస్తారని వాళ్ల అల్లుడు చెప్పాడట. అత్తమ్మ పళ్లెం అవతలికి తోసింది. అంతటితో ఆగలేదు. ఈసారి చాతుర్మాస్యం పూర్తిగా పడుతుందట. ఇదివరకు మొదటి నెల ఒక్కటే పట్టేది, కూరలూ ఆకుకూరలూ మానేసి. ఇప్పుడు రెండో నెల పెరుగు, మూడో నెల పాలు, నాలుగో నెల పప్పులు, అన్నీ వరుసగా మానేస్తుందట. డాక్టరమ్మ తినమన్నవన్నీ అవే.

నేను కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. తొట్టి వైపు చెయ్యి చూపింది. "నీళ్లల్ల బుట్టిన జీవం, అదే ఇడిసిపెట్టె. మనిషి పుట్టుక పుట్టి నేను ఇడవలేనా?"

నోరు తెరవాల్సింది అప్పుడే.

జూలై 16, బుధవారం

తొలి ఏకాదశి. ఆమె సంకల్పం చెప్పుకుంటుంటే ఉద్ధరిణెతో నీళ్లు పోసింది నేనే.

నేను చెప్పినా వినేది కాదు. పట్టుదల మనిషి, చేప లేకున్నా పట్టేది. అవును, పట్టేదే.

జూలై 17, గురువారం

నిన్న రాసింది చదివాను. అబద్ధం. మొన్నటి దాకా నాలుగు నెలలూ పట్టలేదు కదా.

ఒకటి నిశ్చయించాను. ఇవాళ్టి నుంచి గప్పీలు బంద్. ఆకలి దంచితే అదే అన్నం తింటుంది. అప్పుడు అత్తమ్మ మాట నిజమవుతుంది, నేను చెప్పాల్సింది ఏమీ మిగలదు.

జూలై 23, బుధవారం

రాత్రి పొత్రం పెట్టడం మరిచినట్టున్నాను, పలక జరిగి ఉంది. తొట్టిలో దాసప్ప లేడు. వంటింట్లో బియ్యం డబ్బా వెనక దొరికాడు. ఒంటినిండా దుమ్ము, పిండి. చచ్చాడనుకుని చీపురుతో కదిపితే నోరు తెరిచాడు. రంగు పోయి బూడిద లాగా ఉన్నాడు. పొట్ట లోపలికి పోయింది.

నీళ్లలో వేసి, మిద్దె మీదికి పరిగెత్తి మూడు గప్పీలు తెచ్చాను. మూడూ తిన్నాడు. నా అబద్ధాన్ని నిజం చేయడానికి నోరులేని ప్రాణాన్ని మాడ్చాను. మెట్ల కింద కూచుని ఏడ్చాను. ఏమైంది భామా అని అత్తమ్మ లోపలి నుంచి అడిగింది. ఉల్లిగడ్డలు అన్నాను. వ్రతం నెలలో మా ఇంట్లోకి ఉల్లిగడ్డ రాదు. కళ్లు కడుక్కో అంది.

జూలై 28, సోమవారం

పూజగదికి ఉన్నది ఒకటే మెట్టు. అత్తమ్మ గోడ పట్టుకుని ఎక్కింది, ఎక్కి అక్కడే కూలబడింది. పెదవులు తెల్లగా ఉన్నాయి. మా ఆయనతో చెప్పాను. అమ్మ సంగతి నీకు తెలియంది కాదు, ఆమె మాట ఆమెది అని దుకాణానికి పోయాడు. ఆయనకు అన్నీ అంతే.

మందుల దుకాణంలో అడిగాను, గొట్టం విప్పి పొడి ఒక్కటే ఇవ్వొచ్చా అని. పరవాలేదు, రుచే బాగుండదు అన్నాడు. బెల్లం పాలలో కలిపాను. ఈ నెల పాలు ఆమె తాగొచ్చు. బెల్లం రంగులో పొడి రంగు తెలియలేదు. తొక్కను కాగితంలో చుట్టి వీధి కుండీలో వేసి వచ్చాను. ఆమె తాగి మూతి తుడుచుకుంది. బెల్లం మాడిందా అంది. అవునన్నాను. ఈసారి నోరు తెరిచే అబద్ధమాడాను.

ఇప్పుడు ఇంట్లో ఇద్దరికి దొంగతిండి పెడుతున్నాను.

ఆగస్టు 5, మంగళవారం

తొట్టిలోంచి తీసిన మెతుకులు ఏం చేస్తున్నానో రాయలేదు. మోరీలో పారేయలేదు. ప్రసాదం కదా. మిద్దె మీద సిమెంటు తొట్టిలో వేస్తున్నాను. గప్పీలు ఎగబడి తింటాయి. ఆ గప్పీలను దాసప్ప తింటాడు. అంటే అత్తమ్మ వేసిన అన్నమే తిరిగి తిరిగి దాసప్ప కడుపులోకి పోతోంది. తొక్కలో పాపం ఉంది, పొడిలో లేదు. తొక్క నేను పారేశాను. ఇక ఇందులో తప్పెక్కడ?

ఇంత చక్కగా సమాధానం చెప్పుకునేదాన్ని వకీలునైనా అయ్యుండాల్సింది.

ఆగస్టు 9, శనివారం

పాలు తాగింది. పెదవులకు కొంచెం రంగు వచ్చినట్టుంది. నాకే అట్లా కనిపిస్తుందో ఏమో.

ఆగస్టు 14, గురువారం

కూరల నెల అయిపోయింది. ఇక పెరుగు మానే నెల. ఆకుకూర తినొచ్చు కదా అని పొద్దున్నే గోంగూర, పాలకూర తెప్పించాను. మనసు తేలికైంది. అత్తమ్మ పీట మీద కూచుని, తెచ్చిన పాల గ్లాసు వెనక్కి జరిపింది. పెరుగుతో పాటు పాలు కూడా ఇప్పుడే మానేస్తుందట. ఆకుకూర కూడా వద్దట. మూడు పూటల తిండి ఎందుకు, మధ్యాహ్నం చారెడు అన్నం చాలట.

"దాసప్ప నాలుగు మెతుకులకే గట్ల మెరుస్తుండు" అంది. "నాకు ఎక్కువెందుకు?"

పాలు లేకపోతే పొడి పోయే దారి లేదు. ఇక మిగిలింది ఒకటే దారి.

ఆగస్టు 15, శుక్రవారం

నోటితో చెప్పలేనని నాకు తెలుసు. అందుకే చూపించాను.

మా ఆయన బయటికి పోయాక మిద్దె మీద నుంచి గప్పీని చెంబులో తెచ్చాను. తొట్టి ముందు కుర్చీ వేసి అత్తమ్మను కూచోబెట్టాను. ఆమె ఏదో తమాషా చూపిస్తాననుకుని నవ్వుతూ కూచుంది. చెంబు వంపాను. ఇది మన మిద్దె మీదిదే కదా, దీన్ని ఎందుకు వేస్తున్నావు అని ఆమె అడగడం పూర్తి కాలేదు. దాసప్ప పెంకు కింద నుంచి వచ్చాడు.

ఆమె ముఖంలో నవ్వు వెంటనే పోలేదు. పోవడానికి సమయం పట్టింది. అది చూడటం కంటే చెంప దెబ్బ తినడం నయం.

"మొదట్నుంచీనా?"

"మొదట్నుంచీ అత్తమ్మా."

"నేనేసిన అన్నం?"

మిద్దె మీది తొట్టి సంగతి చెప్పాను. "గా పిల్లచేపలు తింటయ్. వాటిని ఇది తింటది. అంటే మీరేసిన అన్నమే..."

"గా మాట చెప్పకు" అంది. కోపంగా కాదు. పిల్లలు అన్నం కింద పారబోస్తే అనేటట్టు.

లేవడానికి కుర్చీ చెయ్యి పట్టుకుంది. చెయ్యి అందించబోయాను. ఆగి, నా ముఖం చూసింది. ఇరవై ఏళ్లలో మొదటిసారి అనుకుంటాను, చేతుల వైపు కాకుండా ముఖం చూడటం.

"మల్ల నా పాలల్ల ఏం గలిపినవ్ భామా?"

చెప్పాను. ఆమె ప్రాణం కోసమే అన్నాను. డాక్టరమ్మ మాటలన్నీ మళ్లీ అప్పజెప్పాను. నిజం తెలిసింది కదా, ఇకనైనా తినండి అని అడిగాను. ఆమె నా చెయ్యి పట్టుకోకుండానే గోడ పట్టుకుని పోయింది.

ఆగస్టు 16, శనివారం

నా చేతి వంట ముట్టలేదు. స్టవ్ ముందు పీట వేసుకుని తన గిన్నె తనే పెట్టుకుంది. అన్నం ఉడికేలోపు రెండుసార్లు గోడకు ఆనుకుంది. నేను గడప బయట నిలబడ్డాను.

ఆగస్టు 17, ఆదివారం

అట్లాగే.

ఆగస్టు 18, సోమవారం

ఏంది, వేరే వండుకుంటున్నవ్ అని మా ఆయన అత్తమ్మను అడిగాడు. వ్రతం అంది. నా మీద ఒక్క మాట చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన అరిచేవాడు, నేను ఏడ్చేదాన్ని, తీరిపోయేది. పాదాల వాపు చీలమండ దాటి పైకి వచ్చింది. నిజం చెబితే తింటుందనుకున్నాను. నిజం చెప్పాక ఆ చారెడూ పూర్తిగా తినడం లేదు.

దాసప్పను నదిలో వదిలేస్తాను అత్తమ్మా అన్నాను. "అదేం జేసింది?" అంది. ఈ మూడు రోజుల్లో నాతో అన్న మాట అదొక్కటే.

ఆగస్టు 20, బుధవారం

రాయల ఆరాధన పండగ. ఆమె మఠానికి పోలేదు. ఓపిక లేక అని బయటివాళ్లు అనుకుంటారు. ఎందుకో నాకు తెలుసు. అక్కడ ఎందరికి చెప్పుకుందో.

మధ్యాహ్నం వాళ్లే వచ్చారు. అయ్యమ్మ, వెనక ఆరేడుగురు. వాళ్లలో ఒకామె లింగసుగూరు నుంచి ఆరాధనకు వచ్చిందట, చేపను చూడాలని పట్టుబట్టి వచ్చింది. అయ్యమ్మ ఆకులో కట్టిన ప్రసాదం విప్పి, దాసప్పకు కూడా తెచ్చామని పలక సందులోంచి నాలుగు మెతుకులు తొట్టిలో రాల్చింది. దాసప్ప కదలలేదు. మెతుకులు అడుక్కు పోయి తెల్లగా కనిపిస్తూ పడున్నాయి.

మనుషులుంటే తినదేమో అంది అయ్యమ్మ. లింగసుగూరు ఆమె అత్తమ్మ వైపు తిరిగి, నిజంగానే అన్నం తింటుందా అమ్మా, మీరు కళ్లారా చూశారా అని అడిగింది. పాపం, భక్తితోనే అడిగింది.

నేను చాయ్ పళ్లెంతో గుమ్మంలో ఉన్నాను. కోడలు మోసం చేసిందని ఒక్క మాట అంటే చాలు. అనాలని కోరుకున్నాను. అందరి ముందు అననీ, నేను తలవంచుకుంటాను, ఆమెకు అన్నం మీద కోపం పోనీ అనుకున్నాను. అత్తమ్మ నా వైపు చూసింది.

"అన్నమే తింటది" అంది. "నా కండ్లతోని చూసిన."

పప్పు కొలిచేటప్పుడు గింజ కింద పడితే తీసి కొన్నవాళ్ల సంచిలోనే వేసే మనిషి. మామయ్యతో పాటు దుకాణంలో కూచున్న రోజుల్లో, ఆమె చెప్పిన ధరను ఎవరూ బేరమాడేవాళ్లు కాదట.

వాళ్లు తొట్టికి దండాలు పెట్టి వెళ్లారు. తలుపు వేసి వచ్చేసరికి ఆమె తొట్టి దగ్గర నిలబడి ఉంది. పొత్రం దించలేక నన్ను దించమంది.

"జల్లెడ తే. ఇంకెవరన్న వస్తరు."

నేను తీస్తానన్నాను. ఇవ్వలేదు. మోచేతి దాకా తొట్టిలో పెట్టి ఒక్కొక్క మెతుకూ తనే ఏరింది. మెతుకులు జారి మళ్లీ కిందికి పోతున్నాయి. అన్నీ అయ్యేదాకా వదల్లేదు. దాసప్ప ఆమె వేళ్ల దగ్గరికి వచ్చి గాజు అవతల ఉన్న నా ముఖం వైపు చూస్తున్నాడు.

చేతులు కడుక్కుని పీట మీద కూచుంది. గోలీ అడిగింది. పొడి కలపడానికి పాలు తేనా, నీళ్లా అని గొట్టం విప్పబోయాను.

"ఇప్పకు. తొక్కతోనే ఇయ్యి" అంది. "అబద్ధమే ఆడితి. ఇంగ తొక్కకేమున్నది?"

మింగింది. తరువాత అన్నం పెట్టమంది. పాలకూర పప్పు వేస్తే వద్దనలేదు. పెరుగు వేశాను, దానికీ వద్దనలేదు. రుచి చూసి ఉప్పు సంగతి చెప్పలేదు.

ఆమె తినాలని కోరుకున్నాను. తిన్నది. వచ్చే నెల పరీక్ష చేయిస్తే రక్తం పెరిగే ఉంటుంది. డాక్టరమ్మ సంతోషిస్తుంది, మా ఆయన సంతోషిస్తాడు. మెతుకులు మిద్దె మీద వేసి వచ్చి, జల్లెడ కడిగి బోర్లించాను.